హనుమాండ్లు పారేసిన ముక్క

భివండీలోని మా కనేరిలో సాంచా ఆగిందంటే ముందు కబురు పోయేది సేఠ్‌కి కాదు, హనుమాండ్లుకి. సాంచా అంటే మా వాళ్ల మాటల్లో కరెంటు మగ్గం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి మీసాలు రాని వయసులో భివండీకి వచ్చాడు. మొదట కండెలు చుట్టాడు, తర్వాత సాంచాలు నడిపాడు, చివరికి వాటిని బాగుచేసే మిస్త్రీ అయ్యాడు. నేను అదే కార్ఖానాలో మెహతాని, అంటే లెక్కలు రాసేవాణ్ని. మా గదికీ వాళ్ల గదికీ మధ్య ఒక్కటే గోడ. వాడి గురించి నాకు తెలిసినంత వాడి భార్య సమ్మవ్వకు కూడా తెలియదని గొప్పలు పోతుండేవాణ్ని.

వాడికి గిట్టని మాట ఒక్కటే, "నడుస్తున్నది గద, ఇడిసిపెట్టు" అన్నది. కిర్రుమన్న తలుపును ఆ పూటే విప్పుతాడు. ఒకసారి బంధువుల పెళ్లికి పోయి అక్కడ మొరాయించిన నీళ్ల మోటారు ముందు కూర్చున్నాడు. తాళి కట్టడం అయింది, భోజనాలయ్యాయి, పెళ్లికొడుకు కారెక్కాడు. మనవాడు మాత్రం చేతినిండా గ్రీజుతో అప్పుడే లేచి, పెళ్లి ఎప్పుడని అడిగాడు.

మిస్త్రీగా వాడికొక పద్ధతి ఉంది. సాంచాలో అరిగిన ముక్క మారిస్తే పాతదాన్ని సేఠ్ చేతిలో పెట్టి చూపించాలి. లేకపోతే కొత్తది వేయకుండానే వేశానన్నాడని అనుమానం వస్తుంది. చూపించాక అది ఆ రోజే భంగార్‌లో, అంటే పాత సామాను కొట్టులో పడాలి. కార్ఖానాలో పడి ఉంటే ఎవడో ఒకడు తొందరలో మళ్లీ దాన్నే తెచ్చి బిగిస్తాడు. ఇది అక్కడి మిస్త్రీలందరి అలవాటే. మనవాడికి మాత్రం అది నేమంతో సమానం.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, వనిత. మరాఠీ బడిలో చదువుకుని, మాన్కోలిలో ఒక గోదాములో సరుకు వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే పనికి కుదిరింది. ఏదో ఆఫీసువాళ్లు పాతవి అమ్మేస్తుంటే ఒక చిన్న కంప్యూటర్ కొని తెచ్చుకుంది. తెర విడిగా, కంప్యూటర్ మాత్రం మిఠాయి డబ్బా అంత ఉంటుంది. ఫోన్‌లో చోటు చాలక, సెలవు దొరికినప్పుడల్లా అందులోని వీడియోలన్నీ ఆ డబ్బాలోకి మార్చి ఫోన్ ఖాళీ చేసేది.

ఆ వీడియోల్లో వనిత ఎక్కడా కనబడదు. తీసేది ఆమే కదా! రొట్టె కొడుతున్న సమ్మవ్వ, చీర మడత పెడుతున్న సమ్మవ్వ, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని కసురుకుంటున్న సమ్మవ్వ. వెనక నుంచి అమ్మను పిలుస్తున్న పిల్ల గొంతు మాత్రం వినబడుతుంది. "అవ్వా, గిటు సూడు. జర నవ్వరాదే!"

కిందటేడు వానాకాలంలో ఆ పిల్ల పచ్చకామెర్లతో పోయింది.

మొహానికి గోడ మీద పటం ఉంది. గొంతుకు ఆ డబ్బా ఒక్కటే దిక్కయింది. సమ్మవ్వకు చదువు రాదు. తెర మీద కింద ఎడమ మూలన పసుపుపచ్చ గుర్తు నొక్కితే వీడియోలు వస్తాయని వనితే ఒకప్పుడు చూపించింది. మధ్యాహ్నం పని తెమిలాక రోజూ దాని ముందు కూర్చునేది. గోడకు ఇవతల నాకు ఆ గొంతు వినబడేది. చాలాసార్లు అన్నం సగంలో వదిలి చెయ్యి కడిగేసుకున్నాను.

పాతది కావడంతో ఆ కంప్యూటర్ రానురాను మొండికేసింది. మీట నొక్కాక తెర వెలగడానికి ఒక యుగం. మధ్యలో బొమ్మ ఆగిపోయి, వనిత మాట సగంలో తెగిపోయేది. సమ్మవ్వ చేతులు కట్టుకుని ఓపిగ్గా కూర్చునేది. హనుమాండ్లు చూడలేకపోయాడు.

"ఇది తెరుసుకునేసరికి నీ పప్పు ఉడుకుతది. శుక్రారం సెలవు గద, బాగుచేయించుకొస్త," అన్నాడు.

"ఎందుకయ్యా, నడుస్తనే ఉన్నది గద?"

"గట్ల నడుసుడు కాదు. బిడ్డ మాట నడిమిట్ల తెగద్దు."

బిడ్డ పోయినప్పటి నుంచి వాడు భార్య ఎదుట ఒక్కసారీ ఏడవలేదు. ఓదార్చడమూ చేతకాలేదు. వాడికి వచ్చిందల్లా పాడైనదాన్ని బాగుచేయడం. ఇన్నాళ్లకు ఆమె కోసం చేయగలిగిన పని ఒకటి కనబడింది. అందుకే శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, డబ్బాను తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని బయల్దేరాడు.

దుకాణంలో జరిగింది సిద్ధార్థ తర్వాత నాకు చెప్పాడు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడతను, మంచివాడే. మూత తీస్తే లోపలంతా దూది నూగు. మా ఊళ్లో ఊపిరితిత్తుల్లోనే ఉంటుంది, కంప్యూటర్‌ను వదులుతుందా? దాన్ని ఊది పారేసి, ఉన్న ర్యామ్ చాలదని ఇంకొకటి వేశాడు. లోపల గిరగిర తిరిగే పాత హార్డ్ డిస్క్ తీసి, తిరగని కొత్త రకం డిస్క్ బిగించాడు. తిరగకపోతే అరగదు కదా అని హనుమాండ్లు తెగ మెచ్చుకున్నాడట. సిద్ధార్థ దగ్గరికి వచ్చేవాళ్లంతా గోదాముల వాళ్లు, కావలసినవి ముందే వేరేచోట దాచుకుని వస్తారు. ఇతనూ అంతేననుకుని అతను అడగలేదు. హనుమాండ్లు మాత్రం ఒకటి అడిగాడు. పాత ముక్క తన చేతికి ఇమ్మన్నాడు. అతను ఇచ్చాడు.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మారిందని నమ్మకం కుదిరాక జేబులో వేసుకున్నాడు. వస్తూ దారిలో పెద్దులు అనేవాడి భంగార్ కొట్టులో దాన్ని పడేసి, చేతులు దులుపుకుని, డబ్బాతో ఇంటికొచ్చాడు.

సమ్మవ్వ మీట నొక్కింది. తెర ఠక్కున వెలిగింది. ఆమె మొహం చూసి హనుమాండ్లు పొంగిపోయాడు. గోడ మీద చెయ్యేసి బాది నన్ను కూడా పిలిచాడు. నేను వెళ్లేసరికి ఆమె తెర మీద ఎడమ మూలన వెతుకుతోంది. అక్కడ పసుపుపచ్చ గుర్తు లేదు. అన్ని మూలలా నీలం రంగే.

"ఏడికి పోయిందయ్యా?"

"కొత్తది గద, జర ఆగు. అస్తది," అన్నాడు వాడు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎదురుచూశారు. నాకు అనుమానం వచ్చింది. బయటికొచ్చి సిద్ధార్థకు ఫోన్ చేశాను. "అన్నీ పాత డిస్క్‌లోనే ఉంటాయి కాకా, అది తీసుకురండి, ఎక్కించి ఇస్తాను," అన్నాడు తేలిగ్గా. లోపలికి వెళ్లి ఆ పాత ముక్క ఏదని అడిగాను.

వాడు నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు. నేను వెనక పడ్డాను.

పెద్దులు కొట్టులో సుత్తి మోత వీధి మొదట్లోనే వినబడింది. వాళ్లు డిస్క్ కనబడగానే పగలగొడతారు. పైడొప్ప అల్యూమినియం కుప్పలోకి, అయస్కాంతం ఒక డబ్బాలోకి. లోపలి బిళ్ల అద్దంలాంటిదట, పనికిరాదని చెత్తలోకి ఊడ్చేశారు. హనుమాండ్లు ఆ చెత్తలో మోకాళ్ల మీద కూర్చుని మెరిసే పెంకులన్నీ ఏరి తువ్వాలులో పోసుకున్నాడు. వేళ్లు తెగి రక్తం కారుతున్నా ఆగలేదు. వాటిని సిద్ధార్థ ముందు పెట్టి, "జోడించొచ్చా?" అని అడిగాడు. జీవితమంతా విరిగినవాటిని జోడించినవాడు. ఆ కుర్రాడు తల వంచుకుని, కాదన్నట్టు ఊపాడు.

"సాంచాల ఏ ముక్క తీసినా నేసిన బట్ట నేసినట్టే ఉంటది గదన్నా," అన్నాడు వాడు దారిలో. "ఒక ముక్కల బిడ్డ ఉంటదని నాకేం ఎరుక?"

సమ్మవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని వాడు నాతో ఎన్నిసార్లో అన్నాడు. మధ్యాహ్నం అదే చోట అలాగే కూర్చునేది, డబ్బాను ముట్టుకునేది కాదు. ఒకనాడు మా ఇంట్లో ఉల్లిగడ్డలు కోస్తూ నా భార్యతో అంది: "మొకం యాదికస్తది వదినా. గొంతే, రోజింత పోతున్నది. పట్టుకుందామంటె దొరుకుతలేదు."

ఆ మాట నేను శ్రద్ధకు చేరవేశాను. గోదాములో వనిత పక్కన పనిచేసిన పిల్ల. మన తెలుగు పిల్లే అయినా, ఇద్దరూ మరాఠీ బడిలో పెరగడంతో మరాఠీలోనే మాట్లాడుకునేవాళ్లు. ఒక ఆదివారం పరుగున వచ్చింది. తన ఫోన్‌లో వెనక్కి వెనక్కి వెతికితే వనిత రికార్డు చేసి పంపిన మాట ఒకటి దొరికిందట. ఒకనాటి పొద్దున తను బస్సు దగ్గర నిలబడి తొందరపెడితే వనిత పంపిందట. హనుమాండ్లు పీట జరిపి దగ్గరగా కూర్చున్నాడు. శ్రద్ధ ఫోన్‌ను సమ్మవ్వ చెవి దగ్గర పెట్టింది.

"అగ థాంబ్ నా, ఆలేచ్ మీ! ఆయీ డబా భర్‌తేయ్!" ఆగవే, వచ్చేస్తున్నా, అమ్మ టిఫిన్ డబ్బా కడుతోంది. అంతే. గలగలా నవ్వుతున్న గొంతు, తెగిపోయింది.

సమ్మవ్వ కళ్లు మూసుకుంది.

"ఏమన్నది? ఏమన్నదే?" అని సాంచాల మోతకు చెవులు మందగించిన హనుమాండ్లు ఆత్రంగా అడిగాడు.

"బిడ్డ గొంతే," అంది సమ్మవ్వ. "మన వనితనే. గని నాతోని మాట్లాడుతలేదయ్యా, దోస్తుతోని మాట్లాడుతున్నది."

హనుమాండ్లు అప్పుడు ఏడ్చాడు. శ్రద్ధ ఫోన్ తీసుకోబోతే సమ్మవ్వ ఆమె చెయ్యి పట్టుకుని, ఇంకోసారి పెట్టమంది.