రాసిపెట్టే మనిషి

మొన్న మా మనవరాలి బడిలో పేరెంట్స్ మీటింగంటే నన్ను పంపారు. మా అమ్మాయికీ అల్లుడికీ ఆఫీసులట. బడి అంటే నాకు మొదటి నుంచీ పడదు. డెబ్భై దాటినా గేటు లోపల అడుగు పెట్టగానే హోంవర్కు చెయ్యనివాడిలా కాళ్లు వెనక్కి లాగాయి. ద్వారకా నగర్‌లో అద్దాల మేడ, లోపల ఏసీ, బల్లకి అటుపక్క చిన్న వయసు టీచరమ్మ. ఆవిడ అందరికీ ఇచ్చినట్టే నాకూ ఒక కాగితం ఇచ్చి, "చదవడం, రాయడం ఇబ్బందిగా ఉండే పిల్లలైతే ఇక్కడ టిక్కు పెట్టండి తాతగారూ. పరీక్షకి అరగంట ఎక్కువిస్తాం. కావాలంటే రాసిపెట్టే మనిషిని కూడా ఇస్తాం" అంది. "మా దానికి ఆ ఇబ్బంది లేదమ్మా, నోరు మూయించే మనిషి ఉంటే చెప్పు, రెండు టిక్కులు పెడతాను" అన్నాను. ఆవిడ నవ్వేసి తర్వాతివాళ్లని పిలిచింది. నేను మాత్రం కాగితం పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. నాలుగు గళ్లు, ఒక్క టిక్కు. ఆ టిక్కు కోసం ఎనభైల మొదట్లో మాకు దగ్గర దగ్గర ఐదు నెలలు, అరడజను కోడిగుడ్లు, నా పరువూ ఖర్చయ్యాయి.

అప్పట్లో మేం మల్కాపురంలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్లం. మేమంటే మా అప్ప, బావ, వాళ్ల ఒక్కగానొక్క కూతురు, ఇంకా పెళ్లికాని నేను. మా వైపు అక్కని అప్ప అంటాం. ఇంటికి ఒక పక్క రిఫైనరీ వాసన, ఇంకో పక్క పోర్టు సైరను. గాలి తిరిగితే ఇనప ఖనిజం దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద వాలేది. తెల్ల చొక్కా ఉన్నవాడు పెళ్లికి వెళ్లాలంటే ముందురోజు గాలి ఎటు ఉందో కనుక్కునేవాడు. బావది వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఫ్యాక్టరీ కింద పొలం పోయాక పోర్టు పనిలో చేరాడు. మనిషి మంచివాడే గాని మాటలు తూకం వేసి ఇచ్చేవాడు. ఆయన పొదుపు చేసినవన్నీ నేను దుబారా చేసేవాణ్ని. నాదీ పోర్టులోనే పని, ఓడకెక్కే పెట్టెల మీద నల్లరంగుతో ఊళ్ల పేర్లు రాయడం. అక్షరాలు మాత్రం ముత్యాల్లా కుదిరేవి. ఇంగ్లీషు నాకు రాదు. చీటీ మీద ఎలా ఉంటే అలా బొమ్మ దించినట్టు దించేసేవాణ్ని. ప్రపంచంలో ఉన్న రేవులన్నిటి పేర్లూ రాశాను, వాటిలో ఒక్కటీ చదవలేదు.

మా మేనకోడలిది సరిగ్గా దీనికి తిరగబడిన కథ. పదిహేనేళ్ల ఆ పిల్ల బుర్రలో ఏది పడినా పోయేది కాదు. పక్కింటివాళ్ల రేడియోలో వార్తలు ఒకసారి వింటే రాత్రి అన్నాల దగ్గర బావకి మొత్తం అప్పజెప్పేది. ఒకసారి నాకు క్యారేజీ తెచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి, క్రేను పనిచేస్తుంటే కాసేపు చూసింది. ఇంటికి వెళ్లి బొగ్గుముక్కతో వంటింటి గచ్చు మీద ఆ క్రేను బొమ్మ వేసింది. ఇనపతాడు ఏ కప్పీ మీంచి ఏ కప్పీ కిందకి దూరుతుందో ఒక్క మెలిక తప్పలేదు. మా క్రేను మెకానిక్కు వచ్చి చూసి, చెప్పులు బయట విడిచి మరీ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అప్ప మూడు రోజులు ఆ గచ్చు కడగలేదు. అలాంటి పిల్ల పుస్తకం తెరిస్తే మాత్రం చెమటలు పట్టేసేవి. వాక్యం చదవమంటే కిటికీలోకి చూసేది. రాయమంటే కడుపునొప్పి వచ్చేది. తొమ్మిదో తరగతి దాకా ఎలాగోలా పైకి తోసేశారు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష అలా తోస్తే కదిలేది కాదు. పదిలో మొదటి మూడునెలల పరీక్షకి తెలుగులో సున్నా, సాంఘికంలో సున్నా వచ్చాయి. లెక్కల్లో వచ్చిన రెండు మార్కులు బొమ్మకి.

బావ ఆ మార్కుల కాగితం మడిచి చూరులో పెట్టి, "ఈ ఏడు తప్పితే సదువు లేదు, ఏటీ లేదు. రొయ్యల కంపెనీకి పంపీత్తాను" అన్నాడు. ఆయన నోట్లోంచి అంత పొడుగు మాట వచ్చిందంటే అది ఖాయమైనట్టే. మా వీధి ఆడపిల్లలు సగం మంది తెల్లారేసరికి ఆ కంపెనీలో ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచేవారు. తప్పు పని అని కాదు. "క్రేను బొమ్మేసిన సెయ్యిరా అది. ఆ సేత్తో రొయ్యలొలిపిత్తాడా మీ బావ?" అని అప్ప నా మీద పడి ఏడ్చింది, కంపెనీ నాదే అయినట్టు.

పిల్లని అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను. "ఒలే గుంటా, నీకు అన్నీ తెల్సు కదే. మరి కాగితం మీద ఏటవుతాది?"

"అచ్చరాలు నిలబడవు మావా. బుట్టలో సేపలు కుమ్మరించినట్టు ఒకదాని మీద ఒకటి ఎగురుతాయి. నాను ఒకటి పట్టుకునేసరికి ఇంకోటి జారిపోద్ది."

నాకు వెటకారం తప్ప వైద్యం తెలీదు. అయినా ఆ రోజు వెటకారం రాలేదు.

పబ్లిక్ పరీక్షలో కళ్లు లేనివాళ్లకీ, చెయ్యి విరిగినవాళ్లకీ పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషిని ఇస్తారని షెడ్డులో ఎవరో అన్నారు. కళ్లు తియ్యలేం గనక చెయ్యి విరగ్గొడదామని నిశ్చయించాను. నిజంగా కాదు లెండి. మా వీధి చివర ఎముకలు కట్టే తాత ఉండేవాడు. పోర్టులో కాలో చెయ్యో విరిగినవాడు ఆసుపత్రికి వెళ్లినా, మర్నాడు ఆయన దగ్గరికొచ్చి కట్టు మార్పించుకునేవాడు. అంత నమ్మకం. అరడజను కోడిగుడ్లు పట్టుకెళ్లి సంగతి చెబితే తాత కాసేపు తిట్టి, తర్వాత ఉత్సాహం తెచ్చుకుని, గుడ్డుసొన, మినపపిండి కలిపి, వెదురుబద్దలు పెట్టి కుడిచేతికి మోచెయ్యి దాకా దివ్యమైన కట్టు కట్టాడు. "నోరిప్పకు, నాను మాట్లాడతాను" అని పిల్లకి చెప్పి, అప్పని వెంటబెట్టుకుని బడికి బయల్దేరాను. దారిపొడుగునా గుడ్ల వాసనకి రెండు కుక్కలు మా వెనకే వచ్చాయి.

మా పేట బడిలో పెద్ద మేడం అంటే మేస్టార్లకే హడలు. గోదావరి జిల్లా మనిషి, లావుపాటి కళ్లద్దాలు. నేను కన్నీళ్లు ఒకటే తక్కువగా కథంతా చెప్పాను. నూతిగట్టు మీంచి జారిందన్నాను, మూడు చోట్ల విరిగిందన్నాను. ఆవిడ అంతా విని, "పరీక్ష మార్చిలో. ఇది అక్టోబరు. అప్పటిదాకా కట్టు ఉంచుతావా?" అంది.

"అప్పటికి ఇంకోటి విరుగుద్ది మేడం. పడే జాతకం దానిది."

"విరిగితే విరిగింది గానీ, ఈసారి ఎడమచెయ్యి విరగ్గొట్టవయ్యా. ఈ పిల్ల రాసేది ఎడమచేత్తో."

నేను అప్పని చూశాను, అప్ప నన్ను చూసింది. అన్నం కుడిచేత్తో తింటుంది, ముగ్గు కుడిచేత్తో వేస్తుంది, బొగ్గు బొమ్మ వేస్తున్నప్పుడు మేం ఎవరం లేం. ఆ పిల్ల రాస్తుండగా మేం ఎప్పుడు చూశాం గనక? పుస్తకం దాచేస్తే సరదాగా వెక్కిరించాం, కడుపునొప్పంటే వాము నీళ్లు తాగించాం. పదేళ్లుగా బడికి పంపుతున్న పిల్ల ఏ చేత్తో రాస్తుందో మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. పెద్ద మేడానికి తెలుసు.

"నీకు తెల్సు కదే, సెప్పొచ్చు కదే!" అని అప్ప గొల్లుమంది.

"మావ నోరిప్పొద్దన్నాడు" అంది పిల్ల, కట్టుని చూసుకుంటూ. తర్వాత నెమ్మదిగా, "పట్టుబడతాడని తెల్సు. పట్టుబడితే గానీ నిజం సెప్పడు కదా మేడం" అంది.

పెద్ద మేడం కళ్లద్దాలు తీసేసింది. నవ్వు ఆపుకోవడానికని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఇక నిజం చెప్పాను, ఎగిరే చేపలతో సహా. ఆవిడ బీరువాలోంచి పదో తరగతి లెక్కల పుస్తకం తీసి, ఒక సిద్ధాంతం పైకి చదివి, నిరూపించమంది. పిల్ల కళ్లు మూసుకుని, ఎడమచేతి వేలితో బల్ల మీద గీతలు గీస్తూ చెప్పుకుపోయింది. మధ్యలో ఒకచోట ఆగి, "ఇది ఇంకో దారిన కూడా వస్తాది మేడం, చిన్నది" అని ఆ దారి కూడా చెప్పింది. పెద్ద మేడం పుస్తకం వెనక్కి తిప్పి చూసుకుంది. ఆ దారి పుస్తకంలో లేదు.

"అన్నీ సరే. కళ్లున్నాయి, చేతులున్నాయి. ఏ కారణం కింద రాయమంటావు నన్ను?" అంది ఆవిడ నాతో.

నాకు తెలిసింది ఒక్క పోర్టే. అదే చెప్పాను. "క్రేను డ్రైవరుకి ఓడ అడుగున ఉన్న సరుకు కనపడదు మేడం. అంచు మీద ఒకడు నిలబడి చేత్తో సైగ చేస్తాడు. ఆ సైగ చూసి పైవాడు ఎత్తుతాడు. అంతమాత్రాన డ్రైవరుకి పని రాదని మా దగ్గర ఎవరూ అనరు. దీనికీ అలాంటి మనిషొకడు కావాలి, అంతే."

మర్నాటి నుంచి ఆవిడ విద్యాశాఖ ఆఫీసుకి తిరగడం మొదలుపెట్టింది, వెనకాల ఫైలు మోసే నేను. మొదటిసారి కాగితం తిరిగొచ్చింది. కళ్ల డాక్టరు చూసి కళ్లు భేషుగ్గా ఉన్నాయని రాసిచ్చాడు, దానితో రెండోసారి తిరిగొచ్చింది. మూడోసారి ఒక కుర్ర డాక్టరు పిల్లతో పూటంతా మాట్లాడి నాలుగు వరుసలు రాశాడు. అందులో ఈ ఇబ్బందికి ఒక పేరు ఉంది. పేరంటూ ఉందని తెలిసి అప్ప ఆ రోజు పాయసం వండింది. పేరు ఉందంటే ఇంకెవరికో కూడా ఉన్నట్టేగా అని.

ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది, ఒక షరతుతో. రాసిపెట్టే మనిషి పదో తరగతి కన్నా తక్కువ చదివినవాడై ఉండాలి. తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులెవరూ ఒప్పుకోలేదు. ఆ జబ్బు మా పిల్లకంటుకుంటే ఎలా అన్నారు. పెద్ద మేడం బల్ల మీద పెన్సిలుతో కొట్టుకుంటూ, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"నువ్వెంతదాకా చదివావు?"

"ఎనిమిది మేడం. అదీ సగం."

"మంచి పని చేశావు" అంది ఆవిడ. నా చదువు గురించి ఒక టీచరు నాతో మంచి మాట అనడం అదే మొదలు, అదే ఆఖరు.

అలా ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, మీసాలతో, పదో తరగతి పరీక్ష హాల్లోకి వెళ్లాను. బయట నిలబడ్డ మేస్టారు నన్ను చూసి, "మంచినీళ్ల కుండ ఆ మూల పెట్టు" అన్నాడు. మాకు చివరి గది, రెండు కుర్చీలు, కాపలాకి ఒక టీచరమ్మ. ప్రశ్న చదవడం నా పని, జవాబు చెప్పడం పిల్ల పని, చెప్పింది చెప్పినట్టు రాయడం మళ్లీ నా పని. ఇంగ్లీషు పరీక్ష సంగతి అడక్కండి. నేను ఒక్కో అక్షరం పేరు చెబుతుంటే అది కూడబలుక్కుంది. ఇద్దరం కలిసి చావుతప్పి బయటపడ్డాం. సాంఘికంలో అది ఆపకుండా చెబుతుంటే నా వేళ్లు వంకర్లు పోయాయి. బావ ప్రతిరోజూ సెలవు పెట్టి బడి గోడ పక్కన గొడుగేసుకుని నిలబడేవాడు. ఒక్క మాట అడిగేవాడు కాదు. నా చెయ్యి పట్టుకుని వేళ్లు మాత్రం పిసికేవాడు.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు బావ నంబరు మూడుసార్లు వెతికి, మూడుసార్లూ కనబడ్డాక, పేపరు నాకిచ్చి, "సదువు" అన్నాడు. తర్వాత మార్కుల కాగితం వస్తే లెక్కల్లో తొంభై దాటింది. ఆ పిల్ల పాలిటెక్నిక్‌లో చేరి, ఉక్కు ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేసి, రిటైరవడానికి సిద్ధంగా ఉంది. ఇప్పటికీ ఉత్తరం రాయదు, ఫోను చేస్తుంది.

నాకు మాత్రం అన్నిటికన్నా ఆ లెక్కల పరీక్షే గుర్తుంది. పిల్ల జవాబు మొత్తం చెప్పేసి, నేను రాయడం పూర్తయ్యేదాకా కిటికీలోంచి పోర్టు వైపు చూస్తూ కూర్చునేది. "అయిందా మావా?" అనేది. "ఆగవే, ఇంకా రెండో వరసలో ఉన్నాను" అనేవాణ్ని. ఆ పిల్ల వెనకబడిపోయిందని పదేళ్లు అందరం బాధపడ్డాం. అది ఎప్పుడో చేరిపోయి, మేం వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తూ కూర్చుందని ఆ మూడు గంటల్లో తెలిసింది.