మూడో పొయ్యిరాయి

తెలంగాణ ఉద్యమం రోజులు. బచ్చన్నపేట దగ్గర రోడ్డు మీదనే వంటావార్పు పెట్టుకున్నం. నేను బడిల సైన్స్ టీచర్‌ను. పొయ్యికి మూడో రాయి దొరకలేదు. రోడ్డు ఎగువన ఇంజిన్ లేకుండ నిలబెట్టిన పత్తి ట్రాలీ చక్రం కింద ఒకటి కనిపిస్తే తెచ్చిన. రెండో చక్రం కింద ఇంకో చిన్న రాయి ఉన్నది కదా అనుకున్న. ట్రాలీ కదలలేదు.

అన్నం ఉడికినంక అందరం రోడ్డు మీద వరుసగ కూర్చున్నం. పక్కనున్న మల్లవ్వ ముద్ద నోట్లె పెట్టుకోబోయి ఆగింది.

"టీచరమ్మా, గా ట్రాలీ ఇందాక గంత దగ్గర లేకుండె గదా?"

తలెత్తిన. డ్రైవర్ లేడు, ఇంజిన్ లేదు, చప్పుడు లేదు. మిట్టమధ్యాహ్నం ఆ తెల్లటి పత్తిగుట్ట దానంతటదే మా దిక్కు దిగుతున్నది. దిగినకొద్ది వేగం పెరుగుతున్నది.

"లేవుండ్రి!" అని ఒర్లిన. ఇస్తర్లు ఇడిసి అందరం పక్క చేన్లకు ఉరికినం. ట్రాలీ మా ఇస్తర్ల మీదికెల్లి పోయి కాలువల బోర్లపడ్డది.

"దాన్ని ఎవరు నూకిండ్రు?" అని అందరూ ఒకరినొకరు అడిగిండ్రు. ఎత్తుమీద కదలకుండ ఉన్న వస్తువుకు కూడ శక్తి ఉంటదని ముందు వారమే బోర్డు మీద రాసిన నేను నోరు తెరువలేదు.

ఎవరూ నూకలేదు. ఆపుతున్న రాయి నా పొయ్యిల ఉన్నది. ఇన్నేండ్లకు ఇప్పుడు చెప్తున్న.