సారు జేబులో పెన్ను

మా సారు మొన్న పొద్దున పోయారు. ఫోన్ వచ్చేసరికి నేను నారాయణగూడ చౌరస్తాలో ఉన్నాను. చిక్కడపల్లిలోని మా ఎక్స్‌రే సెంటర్‌కి ఎలా చేరానో గుర్తులేదు. ట్యూబ్‌లైటు ఆర్పి, కంప్యూటర్ ముందు కళ్లు మూసుకుని కూర్చున్నాను. పనిలో చేరిన రోజు ఆయన మొదట నేర్పింది అదే.

"కండ్లను జర చీకటికి అలవాటు కానియ్యమ్మా. ఎండలకెల్లి వచ్చి చూస్తే ఏం కనిపిస్తది?"

నాకంత ఓపిక ఉండేది కాదు. కాంట్రాస్ట్ పెంచేసి, ఎముకలు తెల్లగా, ఊపిరితిత్తులు నల్లగా మెరిసేలా ఫిల్ము తీసి ఇచ్చేదాన్ని. ఎవరైనా మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. ఒకరోజు దగ్గుతో వచ్చిన పాలమూరు కూలీకి అలాగే ఇచ్చి పంపాను. సారు టీ తాగి వచ్చి తెర చూశారు. మౌస్ పట్టుకుని కాంట్రాస్ట్ తగ్గిస్తూ పోయారు. నలుపు మెల్లగా పలచబడింది. కుడివైపు పైన, ఎముక చాటున, చిన్న మబ్బు తునకలా మచ్చ తేలింది.

అశోక్‌నగర్ వైపు వెళ్తున్న ఆ మనిషి వెనక సారు చెప్పుల్లేకుండా ఉరికారు. "అన్నా, జర ఆగు. అది నాకియ్యి, ఇంకోటి ఇస్త."

తిరిగొచ్చి నాతో ఒక్కటే అన్నారు. "మంచిగనే మెరిపించినవమ్మా. రోగం గా మెరుపులనే దాక్కుంది." సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కూలీ నెలల తరబడి మందులు మింగి, బుగ్గలు నిండాక సారును చూసిపోవడానికి వచ్చాడు. ఆయన లేకపోతే నేను ఇప్పటికీ బొమ్మలు దిద్దుతూనే ఉండేదాన్ని.

తాయెత్తు, పిన్నీసు, జేబులో తాళంచెవి, ఫిల్ములో తెల్లగా పడే లోహం అన్నీ తీయించాకే ఆయన ఎవరినైనా మిషన్ ముందు నిలబెట్టేవారు. పోలీసులు కూడా ఇంత సోదా చెయ్యరని ఏడిపించేదాన్ని.

మూడు నెలల కిందట దగ్గుతూ ఆయనే నిలబడ్డారు. తెర మీద బొమ్మ నల్లగా, శుభ్రంగా వచ్చింది. ఏమీ లేనట్టే ఉంది. అలాగే వదిలేద్దామనిపించి నా చెయ్యి ఆగిపోయింది.

"తగ్గియ్యమ్మా," అన్నారు వెనక నిలబడి. "ఉన్నది చూడనియ్యి."

తగ్గించాను. కుడివైపు పెద్ద మచ్చ తేలింది. తర్వాత కనిపించింది, ఎడమవైపు జేబులో ఆయన స్టీలు పెన్ను. అందరినీ సోదా చేసిన మనిషి తనది మరిచిపోయారు. మళ్లీ తీస్తానన్నాను.

"ఉండనియ్యి. మచ్చకేం అడ్డం రాలేదు గద," అని నవ్వారు.

మొన్న ఆ చీకట్లో కళ్లు తెరిచి ఆ బొమ్మే పెట్టుకున్నాను. వెలుగు తగ్గించుకుంటూ పోయాను. పక్కటెముకలు కరిగిపోయాయి. గుండె నీడలో కలిసింది. మచ్చ కూడా పోయింది. నల్లటి తెర మీద పెన్ను మాత్రం తెల్లగా, నిలువుగా, జేబులో పెట్టినట్టే ఉంది.