ఐసు దాదా 'లేదు' అన్న రోజు

నా చిన్నప్పుడు కలకత్తా దగ్గరి బడ్జ్ బడ్జ్‌లో, మా జూట్ మిల్లు కూలీల ఇళ్ల లైన్ల వెనకాల నది ఒడ్డున ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. దాని యజమాని బెంగాలీ ఆయన. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా వాళ్లే అక్కడ ఐసు దిమ్మలు మోసేవారు గనక ఆయనకు మా మాట బాగా వచ్చు. అందరం ఐసు దాదా అనేవాళ్లం, దాదా అంటే వాళ్ల భాషలో అన్న. ఎన్నికల్లో గెలిచి ఎమ్మెల్యే అయ్యాక కూడా ఆ పేరు పోలేదు. ఆయన వరండా నిండా ఎప్పుడూ జనమే. రేషన్ కార్డని ఒకరు, కొళాయి అని ఒకరు. ఎవరేం అడిగినా ఆయన అనేది ఒకటే మాట, "హోబే". అంటే అవుతుందని. సగం పనులు అయ్యేవి కావు. అయినా ఆ మాట విని జనం కాస్త తేలికపడి ఇంటికి పోయేవారు.

ఒక వానాకాలం మిల్లు మూతపడింది. నాన్న పని వెతుక్కుంటూ వెళ్లాడు, ఎక్కడున్నాడో కబురు లేదు. ఇంట్లో అమ్మ, నేను, అప్పుడప్పుడే నడక నేర్చిన తమ్ముడు. వాడికి జ్వరం పట్టుకుని వదల్లేదు. ఒళ్లు బిగుసుకుపోయి కళ్లు తేలేసేసరికి మా డాక్టరు కలకత్తా పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. వాణ్ని కొంగులో చుట్టుకుని అమ్మ రైలెక్కింది, నేను వెంట. అక్కడ మంచాలు లేవని గుమ్మంలోంచే పంపేశారు. తిరిగొస్తున్నంతసేపూ అమ్మ ఏడవలేదు. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చుంది.

స్టేషన్ నుంచి నేరుగా ఐసు దాదా ఇంటికెళ్లి, జనాన్ని తోసుకుని, తమ్ముణ్ని ఆయన బల్ల మీద పడుకోబెట్టింది. ఆయన వెంటనే ఫోన్ తీశాడు. ఒకరి తర్వాత ఒకరికి చేశాడు. గదమాయించాడు, బతిమాలాడు. మేమంతా ఆ ఒక్క మాట కోసం ఆయన నోటి వంకే చూస్తున్నాం. చివరికి ఫోన్ పెట్టేసి అమ్మ వైపు తిరిగాడు.

"దొరకనేదమ్మా. నా మాట ఎవులూ ఇన్నేదు."

పక్కనున్న అనుచరుడు చెవిలో ఏదో చెప్పబోతే ఆయన చేత్తో ఆపేశాడు.

"మరి మీకు ఓటెందుకేసినాం దాదా?" అంది అమ్మ. అరవలేదు, మామూలుగానే అడిగింది.

ఆయన తమ్ముణ్ని రెండు చేతుల్లోకి తీసుకుని లేచాడు. "పదమ్మా, మళ్లీ అక్కడికే పోదాం. ఈసారి పొమ్మన్నా లెగొద్దు."

తన జీపులోనే తీసుకెళ్లి, ఆసుపత్రి నడవాలో గచ్చు మీద మాతో పాటే కూర్చున్నాడు. ఒక కుర్ర డాక్టరు జాలిపడి అక్కడే సెలైన్ పెట్టాడు. సీసా తగిలించడానికి ఏమీ లేకపోతే ఐసు దాదా లేచి దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. "బతుకుతాడా దాదా?" అని అమ్మ అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా "తెలవదమ్మా" అన్నాడు.

పొద్దు వాలకముందే తమ్ముడు పోయాడు. సీసాలో ఇంకా మందుంది. ఆయన చాలాసేపు చెయ్యి దించలేదు.

తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. ఒక మంచం ఇప్పించలేనివాడు ఏం ఎమ్మెల్యే అని మా లైన్లలోనే అన్నారు. అమ్మ మాత్రం ఆయనకే వేసింది. అప్పటికి తిరిగొచ్చిన నాన్న ఎందుకని అడిగితే, "నన్నొగ్గేసి పోనేదు" అంది.

నా చేతిలో లేనిది అవుతుందని ఇప్పటికీ ఎవరికీ చెప్పలేను. మొన్న పక్కింటి అమ్మాయి భర్త ఐసీయూలో ఉంటే, "తగ్గిపోద్దా పిన్నీ?" అని నా చెయ్యి పట్టుకుంది. నాకు తెలీదమ్మా అన్నాను. ఆ చెయ్యి తనంతట తాను వదిలేదాకా అక్కడే కూర్చున్నాను.