కుడివైపు తుమ్మలు

నేను కొట్టిన బంతి ఎప్పుడూ కుడివైపు తుమ్మల్లోకే పోయేది. మొదట తిన్నగానే లేచేది. హమ్మయ్య అనుకునేలోపు గాలిలో వంగి ముళ్ళకంపలో పడేది. దాన్ని ఆఫీసర్లు స్లైస్ అనేవాళ్ళట. నేనైతే దరిద్రం అనేవాణ్ణి.

బెల్లంపల్లిలో గోల్ఫ్ ఏమిటని నవ్వకండి. గనులు నిండుగా నడిచిన రోజుల్లో ఆఫీసర్ల కోసం చదును చేసిన మైదానం అది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆఫీసర్లు పోయారు, మేకలు మిగిలాయి. మేకలతో పాటు నేనూ, భాయీ.

భాయి గనిలో ఇరవై ఏళ్ళు నా జతగాడు. కాలు చితికాక ఆయన్ను పైకి తెచ్చి ఈ మైదానం పనిలో పెట్టారు. ఆఫీసర్ల సంచులు మోస్తూ, వాళ్ళ తప్పులన్నీ చూస్తూ ఆట నేర్చుకున్నాడు. వాళ్ళు వదిలేసి పోయిన కర్రలు నాలుగు ఆయన ఇంట్లో ఉండేవి. రిటైరయ్యాక పొద్దున్నే ఏం తోచక నేనూ ఆయన వెంట పోవడం మొదలుపెట్టాను. "దొరల ఆట మనకేంది? నడుం విరిగితే నేను మొయ్య" అని మా ఇంటావిడ ఎత్తిపొడిచేది.

భాయి ఎన్ని చెప్పలేదు! పిడికిలి వదులు చెయ్యమన్నాడు. కుడి చంకలో దస్తీ పెట్టుకుని, అది జారకుండా కొట్టమన్నాడు. ఎంతకీ కుదరక, కర్రే వంకరగా ఉందని గొణిగాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది నీ కథ" అని నవ్వాడు. ఒళ్ళు మండి కర్ర విసిరేశాను. ఆయనే కుంటుకుంటూ పోయి తెచ్చాడు. ఆ రోజు సిగ్గుతో నాకు అన్నం సహించలేదు.

తర్వాత ఆయనకు దగ్గు ముదిరింది. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసిందన్నారు.

"ఎల్లుండి బిడ్డ నన్ను కరీంనగర్ దవఖానకు తోల్కపోతది. అంతట్ల ఒక్క సీదా బంతి చూపియ్యి తమ్మీ. ఇంకేం అడుగ" అన్నాడు. నేను కర్ర సర్దుకుంటుంటే మళ్ళీ అన్నాడు: "తప్పు నీ చేతుల లేదు, తలకాయల ఉన్నది. కర్ర తగలకముందే తలెత్తి చూస్తవు. తల లేస్తే భుజం తిరుగుతది, బంతి కుడికి గుంజుతది. నువ్వు జర కిందికే చూడు. ఎటు పోయిందో నేను చెప్త."

గనిలో మా పని ఇలాగే ఉండేది. నేను వంగి కప్పు కింద దుంగ నిలబెడితే, ఆయన వెనక నిలబడి కప్పును చూసేవాడు. ఆయన "జరుగు" అంటే చూడకుండా జరగాలి. ఒకరోజు "జరుగు" అని అరిచాడు. నేను నిజమా కాదా అని తలెత్తి చూశాను. ఆయన వచ్చి నన్ను నెట్టేశాడు. బండ ఆయన కాలు మీద పడింది.

"గా దినం గూడ నేను..." అన్నాను.

"ఎరుకే. పోనియ్యి తమ్మీ. బంతి జూడు."

జేబులోంచి కొత్త బంతి తీశాడు. మా దగ్గరున్నవన్నీ పగిలి పసుపెక్కినవి, తెల్లది అదొక్కటే. ఎన్నాళ్ళు దాచాడో! నేను కళ్ళు గడ్డి మీద నుంచి తియ్యకుండా కొట్టాను. చప్పుడు ఎప్పటిలా లేదు. అయినా తల ఎత్తలేదు.

"సీదా పోయింది తమ్మీ! సీదా!"

తిరిగి చూస్తే భాయి మోకాళ్ళు పట్టుకుని, కళ్ళు మూసుకుని దగ్గుతున్నాడు. నాకు అనుమానం వచ్చింది.

"నువ్వు చూడనే లే. నేను బాధపడతనని ఒట్టిగ అంటున్నవు!" అని కసిరాను.

ఆయన నా మొహంలోకి చూసి దస్తీతో మూతి తుడుచుకున్నాడు. బంతి కోసం వెతకకుండానే ఆయన్ను స్కూటర్ మీద ఇంటి దగ్గర దింపాను.

కరీంనగర్ నుంచి ఆయన ప్రాణంతో తిరిగి రాలేదు. పోయిన మూడో రోజు ఖబరస్తాన్‌లో ఆయన సమాధి దగ్గర ఫాతిహా చదవడం అయ్యాక అటు నుంచి అటే మైదానానికి పోయాను. ఆ తెల్ల బంతిని ఆయన గుర్తుగా ఉంచుకుందామనిపించింది. నేరుగా తుమ్మల్లోకే దూరాను. ఇంకెక్కడుంటుంది? ముళ్ళు గీరుకుని చేతుల నుంచి రక్తం కారింది. పాత బంతులు దొరికాయి, అన్నీ నేను పోగొట్టినవే. తెల్లది లేదు. మేకలవాళ్ళు ఎత్తుకుపోయారని తిట్టుకుంటూ బయటికొచ్చి, అవతలి గేటు దగ్గరున్న స్కూటర్ వైపు మైదానానికి అడ్డంగా నడిచాను.

సగం దూరంలో కాలికి తగలబోయింది. నేను నిలబడి కొట్టిన చోటుకు సరిగ్గా ఎదురుగా, మేకలు కొరికిన గడ్డిలో, తెల్లగా.

భాయి చూశాడు. చూసిన తర్వాతే దగ్గు వచ్చింది. గనిలో ఒకసారి, ఇక్కడ ఒకసారి, రెండుసార్లూ నా వెనక నిలబడి నాకు నిజమే చెప్పాడు. రెండుసార్లూ నేను నమ్మలేదు.