దైమతి అత్తకి నేను చూపించిన పేజీ

నిన్న పొద్దున్న క్లాసుకి వెళ్తుంటే పెదబయలు వైపు నుంచి ఫోన్.

"సార్, అమ్మ ఎల్లిపోనాది."

దైమతి అత్త కూతురు సుమిత్ర.

కారిడార్‌లోనే నిలబడిపోయాను. అత్త పోవడమేంటి? మొన్న దసరాకి కూడా ఫోన్‌లో తిట్టింది, "ఒక్కపాలైనా రావేటి బాబూ" అని.

మీలో ఎవరికీ ఆవిడ తెలీదు. తెలియకపోవడానికి కారణం నేనే.

నా పీహెచ్‌డీ ఏజెన్సీ గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, చేప పిల్లల మీద. అప్పుడే గుడ్డులోంచి వచ్చినవి, వెంట్రుకంత ఉంటాయి. నెల రోజులు నెట్ పట్టుకుని తిరిగినా నాకు ఒక్కటీ దొరకలేదు.

అక్కడి ఊళ్ళో నేను వరస కలిపి అత్తా అని పిలుచుకున్న దైమతే ఒడ్డు పక్క గడ్డి కింద చెయ్యి పెట్టి చూపించింది.

నీళ్ళలో రాయి తిప్పితే, కింద పురుగుల్ని చూసుకుని మళ్ళీ అదే వైపు పెట్టమనేది. నేను మర్చిపోతే వెనకే వచ్చి సర్దేది.

ఒకరోజు బస్ వెళ్ళిపోతుందని, చేప పిల్లల్నీ రెక్కలు రాని తూనీగ పిల్లల్నీ ఒకే బకెట్‌లో పోసేశాను.

"ఏటి సేత్తన్నావు బాబూ! అవి ఇటిని తినేత్తాయి."

"ఏం కాదులే అత్తా, ఇది మా సబ్జెక్ట్" అన్నాను.

అవును, ఆ మాటే అన్నాను.

మర్నాడు అరకులో నా రూమ్‌లో చూస్తే, బకెట్‌లో బాగా బలిసిన తూనీగ పిల్లలు తప్ప ఇంకేం లేవు.

తిరిగి వెళ్ళి చెప్తే, "సదువుకున్నోడివి కదేటి" అని మాత్రం అంది. మళ్ళీ ముసురులో మోకాల్లోతు నీళ్ళలోకి దిగింది. ఏ పురుగు చేప పిల్లల్ని తింటుందో, ఏది నాచు తిని బతుకుతుందో ఒక్కొక్కటీ పట్టి చూపించింది.

అదే నా థీసిస్‌లో మూడో చాప్టర్. వైవాలో అందరూ మెచ్చుకున్నది దాన్నే.

"నా పరిశీలన" అని రాసుకున్నాను.

థాంక్స్ పేజీలో గైడ్ ఉన్నారు, ల్యాబ్ ఫ్రెండ్స్ ఉన్నారు, చివరికి బైక్ మెకానిక్ కూడా ఉన్నాడు. అత్త లేదు.

థీసిస్ పట్టుకెళ్ళి చూపిస్తే, "నా పేరెక్కడ రాసేవు బాబూ?" అంది.

ఆవిడకి చదువు రాదు. ఒక చేప లాటిన్ పేరు మీద వేలు పెట్టి, "ఇదిగో అత్తా" అన్నాను.

చోడిపిండి, అదే రాగిపిండి, అంటిన చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆ లైన్ తడిమింది. ఆ పేజీ జిరాక్స్ అడిగి తీసుకుంది. తర్వాత పాడేరులో లామినేషన్ చేయించి గోడకి తగిలించుకుందట. వచ్చిన చుట్టాలందరికీ చూపించేదట.

నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు. బిజీ అని చెప్పేవాణ్ణి. నిజానికి మొహం చెల్లలేదు.

నిన్న ఫోన్ పెట్టేముందు సుమిత్రని అడిగాను. డిగ్రీ చదివిన పిల్ల కదా, ఆ పేజీ ఎప్పుడైనా చదివావా అని.

"తెచ్చిన రోజే సదివేను సార్. అమ్మ అడిగితే, పేరుందనే సెప్పేను."

గొంతులో కోపం కూడా లేదు. తిట్టినా బాగుండేది.

అప్పటికి టెన్త్ చదువుతోంది ఆ పిల్ల. నేను ఆడిన అబద్ధాన్ని, తల్లి బాధపడకూడదని, ఇన్నేళ్ళూ తను మోసింది.

సిగ్గుతో చెప్తున్నాను. ఆ మూడో చాప్టర్ దైమతి అత్తది. ఇదే మాట యూనివర్సిటీకి కూడా రాసి పంపాను. ఆవిడ వినడానికి లేని రోజున.

క్షమించమని అడగను అత్తా. నువ్వు మాత్రం చల్లగా, ఏ దిగులూ లేకుండా నిద్రపో.