ఎద్దు విరగ్గొట్టిన ముందుపన్ను

నా పైవరుస ముందుపన్నును ఎద్దు విరగ్గొట్టింది. పట్టపగలు, మా చేని గట్టు మీద. మంచాల ఊరి వైపు నుంచి తాడు తెంచుకొచ్చిన ఎద్దు తల దించి నా మీదికి దూకితే, రెండు కొమ్ములూ పట్టుకొని గట్టు చివరి దాకా వెనక్కి నెట్టాను. అది కోపంతో తల విదిలించింది. ఆ విసురుకు పన్ను మూలన ఒక ముక్క ఎగిరిపోయింది. నెత్తురు తుడుచుకొని, దాని వీపు మీద ఒక్కటి చరిచి పంపించాను. నాకప్పుడు డెబ్బై రెండేళ్ళు.

పోయిన శ్రావణంలో మా ఇబ్రహీంపట్నం పక్కల ఈ కథ విననివాళ్ళు తక్కువ. చెప్పింది నేనే కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. కథ ఎంత బాగా కుదిరిందంటే, చేలకు పోయే ఆడవాళ్ళు ఆ గట్టు దారి వదిలేసి తారురోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టారు.

ఈ వయసులో పన్ను విరిగితే నష్టమేమిటని అడగవచ్చు. నాకు నష్టమే. బాలాపూర్ లడ్డూ పేరు మోగినప్పటి నుంచి మా వైపు గల్లీ గల్లీకీ ఒక వినాయకుడు, ఒక లడ్డూ, నిమజ్జనం రోజు ఒక వేలంపాట. మా గల్లీలో ముప్ఫై ఏళ్ళుగా మైకు పట్టుకొని ఆ పాట నడిపించేది నేను. ముప్ఫై నా లెక్క. మా ఆవిడ లెక్కలో పందొమ్మిది. నా గొంతు తుర్కయాంజాల్ దాకా వినిపిస్తుందని చెబుతుంటాను. మసీదు మలుపు దాకా వినిపించడం మాత్రం ఖాయం.

వేలం నడపడమంటే అరవడం కాదు. ఒకటోసారి అన్నాక ఎవరి వైపూ చూడకూడదు. రెండోసారి అన్నాక, పాడాలా వద్దా అని మెడ గోక్కుంటున్నవాడి వైపే చూడాలి. మూడోసారి కత్తితో కోసినట్టు తెగాలి. పనంతా ఆ చివరి 'సారి'లో ఉంది. పన్ను విరిగాక నా 'సారి'లోంచి గాలి ఈల వేసుకుంటూ పోయేది.

ఆ ఈల మొదట పట్టుకున్నవాడు మా బామ్మర్ది. చాలా ఏళ్ళుగా వాడి కన్ను ఆ మైకు మీదే ఉంది.

"బావా, ఈసారి మైకు నాకియ్యి," అన్నాడు. "నువ్వు సారి అంటుంటె కుక్కర్ విజిలేసినట్టున్నది. మూడు విజిల్లకు అన్నం ఉడికిందనుకొని జనం లేసి ఇంటికి పోతరు."

"నిమజ్జనానికి ఇంక నెలదినాలున్నది. పన్ను మంచిగ చేపిచ్చుకుంట."

"చేపిచ్చుకుంటె నీది. లేకుంటె మైకు నాది. అక్క ముంగట ఒప్పుకో."

మా ఆవిడ బియ్యం ఏరుతూ ఇద్దరినీ చూసింది. ఒప్పుకున్నాను.

బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం మీద ఒక పళ్ళ దవాఖాన ఉంది. గోడ మీది ఫోటోలో ఒకావిడ నవ్వుతోంది. పని లేక ఆవిడ పళ్ళు లెక్కపెట్టాను. ఇరవై రెండు కనిపించాయి. మనిషి నవ్వితే అన్ని కనిపించవు. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది.

డాక్టరమ్మ నా మనవరాలి ఈడు పిల్ల. అద్దం పుల్ల నోట్లో పెట్టి, "ఎట్ల విరిగింది తాతా?" అంది.

కథ మొత్తం చెప్పాను. కొమ్ములు పట్టుకున్న చోట రాయడం ఆపి నా వైపు చూసింది. మళ్ళీ రాసింది.

"రెండు దార్లున్నయ్ తాతా. ఒకటి బాండింగ్. పంటి రంగున్న ముద్ద పెట్టి, లైటు కొట్టి గట్టి చేస్త. నీ పన్నును గీకుడు అంతగనం ఉండది. ఒక్కసారి కూసుంటె అయిపోతది. కాని ఛాయ్‌కు రంగు మారుతది, కొన్నేండ్లకు మూల ఊడొచ్చు, మళ్ల పెట్టుకోవాలె. రెండోది వెనీర్. పంటి ముంగటి దిక్కు జర అరగదీసి, గోరంత పల్చటి పింగాణీ రేకు అంటిస్తం. మస్తు రోజులుంటది. కాని అరగదీసింది మళ్ల రాదు. ఎన్నడన్న రేకు పోతె మళ్ల రేకే పెట్టాలె."

"నాకేది మంచిది?"

"ఉత్తగ మూల పోతె బాండింగ్ చాలు అంటుంటి. ఎద్దు పొడిసిందంటున్నవ్ గద. అంత దెబ్బకు లోపలి నరం చచ్చిపోవచ్చు, పన్ను నల్లవడొచ్చు. ఎక్స్‌రే తీద్దాం. కొన్ని రోజులు చూసి వెనీర్ దిక్కు పోదాం." ఆగి, నా పెదవి పైకెత్తి చూసింది. "ఎద్దు పొడిస్తె పెదవికి గాటు గూడ లేదేంది తాతా?"

"మాది మందం తోలు బిడ్డా."

అది కూడా రాసుకుంది. ఏం రాసిందో చూద్దామని మెడ చాచాను. కాగితం తిప్పేసింది.

మెట్లు దిగుతూ ఆలోచించాను. ఉన్న పన్నును గీకడమేమిటి, గీకినందుకు రేకు వేయడమేమిటి. నరం అంటుంది, ఎక్స్‌రే అంటుంది. ఈ పిల్ల నా ముందుపన్నులోంచి ఇల్లు కట్టేటట్టుంది.

మర్నాడు షేర్ ఆటో ఎక్కి తుర్కయాంజాల్ వెళ్ళాను. అక్కడ ఒక అపార్ట్‌మెంటు కింద అద్దాల తలుపుల దవాఖాన, లోపల చల్లగాలి. ఈ డాక్టరును పరీక్షించాలని ఎద్దును కొంచెం పెంచాను. ఇక్కడ అది ఆంబోతైంది. నన్ను రెండుసార్లు ఎత్తి పడేసింది.

ఆయన ఎంతో జాలిపడ్డాడు. "అట్లయితే అంకుల్, పక్క పళ్ళు కూడ అదిరే ఉంటయ్. ముందు ఆరింటికీ వెనీర్లు వేసేద్దాం. లైన్ మొత్తం ఒకటే తెలుపు వస్తది." కంప్యూటర్లో నా ఫోటో తీసి ఆరు పళ్ళూ మార్చి చూపించాడు. నా ముఖంలోంచి ఎవరో వేరే మనిషి నవ్వుతున్నాడు. ఆ మనిషికి నేను నా చేను కౌలుకు కూడా ఇవ్వను.

ఆలోచించుకొని వస్తానని బయటపడ్డాను. ఎద్దుకు ఒక పన్ను, ఆంబోతుకు ఆరు పళ్ళు. ఆటోలో నలుగురి మధ్య నలుగుతూ ఈ దోపిడీ గురించే మథనపడ్డాను. ఎవరో పాట పెంచుతున్నారు. పందొమ్మిదేళ్ళు వేలం నడిపినవాణ్ణి, దొంగపాట పాడేవాణ్ణి మొహం చూసి పట్టేస్తాను. అయినా ఈ పాట ఎవరు పెంచుతున్నదీ సగం దారి వచ్చేదాకా తట్టలేదు. పెంచుతున్నది నేనే.

ఇప్పుడు జరిగింది చెప్పాలి.

వేలంలో లడ్డూ పాడుకున్నవాళ్ళు ఇంటింటికీ ఒక ముక్క పంచుతారు. మా ఆవిడ దాంట్లో సగం విత్తనాల ముందు చేనిలో చల్లుతుంది. మిగతా సగం స్టీలు డబ్బాలో పెట్టి దేవుడి అరలో ఉంచుతుంది. కొత్త లడ్డూ వచ్చేదాకా పాతది ఇల్లు కదలకూడదు. కొత్తది వచ్చే రోజు పొద్దున దాన్ని తీసుకుపోయి చేనిలో పొడి చేసి కలుపుతుంది. ఆ ముక్క ఉన్నన్నాళ్ళు పంటకు ఢోకా లేదని ఆమె నమ్మకం. నాకు షుగర్. ఇంట్లో బెల్లం కూడా తాళంలో ఉంటుంది. తాళం లేని తీపి ఇంట్లో అదొక్కటే.

మా ఆవిడ మహిళా సంఘం మీటింగుకు పోయిన రోజు డబ్బా తెరిచాను. ఏడాది నాటి లడ్డూ, గచ్చు పెళ్ళలా ఉంది. ఒక మూల కొరికాను. టక్కుమంది. కలకండ పలుకు తగిలిందనుకొని కొంత చప్పరించాను కూడా. నాలుకకు పన్ను అంచు గీరుకున్నాక గానీ తెలియలేదు. కొరికిన వైపు కిందికి తిప్పి, మూత పెట్టి, గట్టు మీదికి నడిచి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు ఎద్దు నాతోపాటే వచ్చింది.

ఎరువుల దుకాణం మీదికి మళ్ళీ ఎక్కాను.

"డాక్టరమ్మా, ఎద్దు లేదు," అన్నాను.

"అవ్, తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ఎద్దు పొడిస్తె బయటికెల్లి దెబ్బ పడుతది. నీది లోపలికెల్లి విరిగింది. ఏందో గట్టిది కొరికినవ్." ఆ రోజు రాసిన కాగితం తీసి చూపించింది. ఎద్దు అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. దాని పక్కన మందం తోలు, ఇంకొక ప్రశ్నార్థకం.

"తెలిసి మరి వెనీర్ ముచ్చట ఎందుకు తెచ్చినవ్?"

"నువ్వు చెప్పింది నిజమే అయితె? నేను నమ్మలేదని నీ పంటి నరం బతుకుతదా? ఇంతకు ఏం కొరికినవ్?"

చెప్పాను. నవ్వు ఆపుకోవడానికి మాస్కు పైకి లాక్కుంది. ఎక్స్‌రే తీసింది. పంటి మీద చల్లటి దూదిముక్క పెట్టి తెలుస్తోందా అని అడిగింది. తల దాకా తెలిసింది. నరం బతికే ఉందంది. వెనీర్ అవసరం లేదు, బాండింగ్ చాలు.

"విరిగిన ముక్క ఉన్నదా తాతా? ఉంటె దాన్నే అంటిస్త. నీ పంటికి నీ పన్నును మించిన రంగు నేనెక్కడ తెచ్చేది."

ముక్క మింగానో, లడ్డూలో ఉండిపోయిందో నాకే తెలియదు. ఇంటికి వచ్చి, మా ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే దేవుడి అర దగ్గరికి పోయాను. డబ్బా బోర్లించి ఉంది. తోమి, తుడిచి.

"గదాంట్ల లేదు," అంది వెనక నుంచి.

కొంగు ముడి విప్పి తలనొప్పి మందు ఖాళీ డబ్బీ ఒకటి నా చేతిలో పెట్టింది. లోపల దూది మీద గోధుమగింజలో సగమంత ముక్క.

"ఇగో, నీ ఎద్దు కొమ్ము."

"ఎప్పుడు దొరికింది?"

"నువ్వు విరగ్గొట్టుకున్న దినమే. డబ్బా మూత వంకర పెట్టినవ్. తీసి చూస్తె లడ్డూకు పన్ను మొలిచి ఉన్నది."

"మరి అప్పుడే అడగకపోతివి?"

"ఎద్దు ఎంత పెద్దగైతదో చూద్దామనుకున్న." బకెట్టు కింద పెట్టింది. "ఎంగిలి ముక్కను దేవుని కాడ పెడ్తరా? తీసుకపోయి చేన్ల కలిపిన. కొత్త లడ్డూ రాకముందే పాతది ఇల్లు దాటింది. పత్తి ఎట్లుంటదో ఏమో."

నేను డబ్బీ మూత పెట్టాను.

"ఇంకొకటి. నీ కత పుణ్యాన ఆడోళ్లు నెత్తి మీద మూటలు పెట్టుకొని తారురోడ్డు సుట్టు తిరిగి పోతున్నరు. నేను గూడ గట్లనే పోతున్న."

"నీకు తెలుసు గద, ఎద్దు లేదని."

"నేనొక్కదాన్ని గట్టు మీద పోతె నువ్వు అబద్ధాలోడివని అందరికి తెలుస్తది. ఈ మోకాళ్ల నొప్పుల మీదనే తిరుగుతున్న." డబ్బీ వైపు చూపించింది. "మైకు పట్టుకుంటె పట్టుకో. కాని ఆ ఎద్దును నువ్వు తెచ్చినవ్, నువ్వే తోలెయ్యాలె. అందరి ముంగట."

నా ఎద్దు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలిందంటే అది ఆమె మోకాళ్ళకే.

డాక్టరమ్మ ఆ ముక్కను ఒకరోజు మందునీళ్ళలో నానబెట్టింది. మర్నాడు అతికించింది. అతికించేటప్పుడు నాకొక చేతి అద్దం ఇమ్మన్నాను, ఏం చేస్తున్నదీ చూడాలని. ముక్క సరిగ్గా కూర్చుంది గానీ అంచున కొంత అరిగి సందు ఉంది. అక్కడ ముద్ద పెట్టడానికి రంగుల పళ్ళ పట్టీ ఒకటి నా నోటి పక్కన పెట్టి, చివరన ఉన్న అన్నిటికంటే పచ్చటి పన్ను ఎంచింది.

"జర తెల్లది పెట్టు బిడ్డా."

"అక్కడొక్కటే తెల్లగుంటె మళ్ల ఎద్దొస్తది తాతా."

నీలం లైటు కొట్టింది. ముందుపళ్ళతో గట్టివి కొరకవద్దంది. ఇదెన్నాళ్ళుంటుందని అడిగితే, "లడ్డూ మీద ఆధారపడి ఉంటది," అంది. మెట్ల మీదే మూడుసార్లు 'సారి' అని చూసుకున్నాను. ఈల లేదు. అయినా ముఖం ముందు అరచెయ్యి పెట్టుకొని మళ్ళీ నాలుగుసార్లు అన్నాను, గాలి తగులుతుందేమోనని. ఎరువుల దుకాణమతను ఏమనుకున్నాడో మరి.

నిమజ్జనం రోజు మధ్యాహ్నం మా బామ్మర్ది మైకు వైరు చేతికి చుట్టుకొని నా పక్కనే నిలబడ్డాడు, ఒక్క ఈల వినబడితే లాక్కుందామని. పాట మొదలైంది. పెరిగింది. ఇద్దరు మిగిలారు. ఒకాయన తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు.

"ఒకటోసారి." ఎవరి వైపూ చూడలేదు. గొంతు మసీదు మలుపు దాకా పోయి తిరిగి వచ్చింది.

"రెండోసారి." మెడ గోక్కుంటున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆడవాళ్ళ వరసలో మా ఆవిడ మోకాళ్ళు రుద్దుకుంటూ నన్నే చూస్తోంది.

రెండుకూ మూడుకూ మధ్య వేలం నడిపేవాడికి కొంచెం సమయం ఉంటుంది. అది ఎంతసేపైనా సాగుతుంది, జనం నోరెత్తరు. మైకు దగ్గరికి తీసుకున్నాను.

"ఎద్దు లేదు," అన్నాను. "ఆ పన్ను నేను పాత లడ్డూ దొంగతనంగ కొరికితె విరిగింది. అక్కలు, చెల్లెండ్లు గట్టు మీదికెల్లే పోవచ్చు. మూడోసారి."

తెగింది. కత్తితో కోసినట్టే తెగింది. నవ్వు మాత్రం చాలాసేపు తెగలేదు. మా బామ్మర్ది వైరు వదిలేసి డప్పుల వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు మా వాటా ముక్క వచ్చింది. ఈసారి దేవుడి అరలో పెట్టలేదు. మా ఆవిడ దాన్ని కొంగులో కట్టుకొని గట్టు దారిన ముందు నడిచింది, నేను వెనక. పత్తి మోకాలెత్తు దాటి పూత మీద ఉంది. ముక్క మొత్తం రాయితో నలిపి సాళ్ళలో చల్లింది. వేళ్ళకు అంటిన చిటికెడు పొడిని నా అరచేతిలో దులిపింది.

అనుమానంగా చూశాను. షుగర్ వచ్చాక ఇన్నేళ్ళలో ఆమె తన చేత్తో నాకు తీపి పెట్టింది లేదు.

"నమలకు," అంది. "చప్పరించు."